తిరిగి పోసిన మందు

మా నేలలో ఉప్పు ఉంది. చలి తగ్గగానే పొలాల్లో మడులు కట్టి, కాలువ నీళ్లు నింపి, ఆ ఉప్పును కిందికి కడుగుతాం. నవ్‌రూజ్ పండుగ ముందు మా మిర్జాచోల్ మైదానమంతా నీళ్లే. కడిగిన ఉప్పు ఎక్కడికీ పోదు. కొంత మురుగు కాలువలో పడుతుంది, కొంత భూమిలోనే ఉండి బావుల వైపు జరుగుతుంది. పత్తికి కొట్టిన మందులు దాని వెంటే జరుగుతాయి. ఆ వసంతంలో మా వీధి పిల్లలకు వరుసగా కడుపునొప్పులు వచ్చాయి. నీళ్ల వల్లేనని కొందరు, కాదని కొందరు అన్నారు.

మా ఆవరణలో రెండు ఇళ్లు. ఒకటి నాది, ఒకటి చనిపోయిన మా అన్న తుర్గున్‌ది. రెంటికీ నడుమ అన్న తవ్విన బావి. మిగతా బావుల నీళ్లు తాగొచ్చు గాని, టీ నల్లగా, చేదుగా దిగుతుంది. అందుకని టీకీ, రొట్టె పిండికీ వీధి వీధంతా మా బావికే వచ్చేది. మా వదిన సనోబర్ ఎవరినీ కాదనదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. బకెట్ నింపుకున్నవాళ్లు వెళ్లేముందు రెండు అరచేతులతో ముఖం తడుముకుని, "తుర్గున్ ఆకా సమాధి వెలుగుతో నిండాలి" అనేవారు. ఆ నీళ్లకు వెల అదే. వదిన పిండి పిసుకుతూ ఒక్కోసారి చేతులు ఆపి ఆ మాట వినేది. ఆవిడకు పిల్లలు లేరు. మనిషి పోయాక ఆయన పేరు పలికేవాళ్లు వీళ్లేనని ఆవిడ లెక్క.

నా కూతురు మొహిరా ఆ ఏడు తొమ్మిదో తరగతి. గులిస్తాన్ నుంచి అస్రొర్ అనే కుర్ర దొమ్లా, అంటే పంతులు, వచ్చి, ఏళ్లుగా మూతబడ్డ బడి ప్రయోగశాల తాళం తీయించాడు. పిల్ల ఇంటికొచ్చి దొమ్లా చెప్పిందల్లా భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ దగ్గర అప్పజెప్పేది.

"ల్యాబ్‌లో నోట్లో ఏదీ పెట్టుకోకూడదు. వాసన చూడాలంటే సీసాలో ముక్కు పెట్టకూడదు, చేత్తో ఇటు విసురుకోవాలి. జుట్టు ముడేసుకోవాలి. కళ్లకు అద్దాలు, చేతులకు గ్లౌజులు."

"అన్నీ కప్పుకుని పెళ్లికూతురిలా ఉంటావన్నమాట" అంది వదిన.

"వినండి పెద్దమ్మా. సీసాలోంచి ఒకసారి బయటికి తీసిన మందు మళ్లీ సీసాలో పోయకూడదు."

"మరి మిగిలింది?"

"పారబోస్తాం. దానికి వేరే జాడీ ఉంది."

"పారబోస్తారా! మీ దొమ్లా పెళ్లాన్ని తలుచుకుంటే జాలేస్తోంది."

"ఆయనకింకా పెళ్లి కాలేదు."

"ఆరా తీశావన్నమాట" అంది మా ఆవిడ హాలిదా, నవ్వకుండా.

పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. నవ్వులైపోయాక టీ కెటిల్ అందుకుంది. మా దగ్గర టీని పియాలాలో పోసి, తిరిగి కెటిల్‌లో పోసి, అలా మూడుసార్లు చేస్తేగాని పెద్దలకు అందించరు. అలా చేస్తే రంగు సమంగా దిగుతుంది, పియాలా వెచ్చబడుతుంది, చుక్క వృథా కాదు. మొహిరా మణికట్టు తిప్పే తీరు అచ్చం వాళ్ల పెద్దమ్మదే. ఆవిడే నేర్పింది.

కడుపునొప్పుల గొడవ ముదిరాక మా వీధి పెద్ద, అందరూ తాతగా పిలిచే హొషిం బొబో, బడికి వెళ్లి దొమ్లాను అడిగాడు. "నీ గాజు సామానుతో ఏ బావి మంచిదో చెప్పగలవా, లేక అది పిల్లలు ఆడుకోవడానికేనా?"

"చెప్పగలను బొబో. వెండితో చేసిన మందొకటి ఉంది. ఉప్పున్న నీళ్లలో చుక్క వేస్తే తెల్లబడతాయి. కాస్త మసకైతే మన నేలకు మామూలే. పాలలా అయితే మురుగు కాలువ నీళ్లు బావిలో చేరినట్టు."

"నాలుక చెప్పదా ఆ ముక్క?"

"నాలుకకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది."

ఆ మందు చిన్న సీసాడే వచ్చిందట, అదీ దొమ్లా గులిస్తాన్‌లో చాలామంది కాళ్లావేళ్లా పడితే. వెలుతురు తగిలితే పాడవుతుందని దాన్ని ముదురు గోధుమరంగు సీసాలో ఉంచాడు. లోపల ఏముందో బయటికి కనబడదు.

పరీక్ష రోజున వీధి నీళ్లు సీసాల్లో నింపి బండి మీద తీసుకెళ్లింది నేనే. ప్రయోగశాలలో పొయ్యి వెలుగుతోంది. మొహిరా తెల్ల కోటు వేసుకుని, తలగుడ్డ బిగించి నిలబడింది. దొమ్లా ముందుగా ఆవిరిని చల్లార్చి పట్టిన నీళ్లు గాజు గొట్టంలో పోసి మందు చుక్క వేశాడు. ఏమీ కాలేదు.

"ఏమీ లేని నీళ్లలో ఏమీ రాదని ముందు చూసుకోవాలి. అప్పుడే మిగతా వాటిని నమ్మాలి" అన్నాడు పిల్లలతో.

"ఏమీ లేనిచోట ఏమీ లేదని చెప్పడానికి ఇంత చదువా" అన్నాడు హొషిం బొబో. అందరూ నవ్వారు.

బావులు వరుసగా చూశారు. అన్నింటిలోనూ పొగమంచంత మసక, అంతే. జనం ఊపిరి పీల్చుకున్నారు. హొషిం బొబోకు మాత్రం తృప్తి లేదు. "చెడ్డది ఎలా ఉంటుందో చూపించకుండా ఇవి మంచివంటే ఎలా?" అన్నాడు. దొమ్లా ఆ మాట మెచ్చుకున్నాడు. మురుగు కాలువ నీళ్లు తెప్పించి మొహిరాకు ఇచ్చాడు. పిల్ల డ్రాపర్‌తో వాటిని గొట్టంలో వేసింది, తెల్ల పింగాణీ గిన్నెలో మందు పోసుకుని అదే డ్రాపర్ ముంచింది. చుక్కలు పడగానే గొట్టంలో పాలు విరిగినట్టు తెల్లగా దిగింది. వెనక ఉన్న ఆడవాళ్లు "తౌబా!" అన్నారు.

అప్పుడే బడి కాపలాదారు టీ, రొట్టె పట్టుకొచ్చాడు. దొమ్లా చేయి అడ్డం పెట్టాడు. "ఇక్కడ తినకూడదు, తాగకూడదు."

హొషిం బొబో ముఖం ముడుచుకుంది. రొట్టె తెచ్చాక విరిచి నోట పెట్టుకోకుండా కదలడం మా పెద్దవాళ్ల ఒంటికి పడదు. దొమ్లా ఆయన్ని చేయి పట్టుకుని వరండాలోకి నడిపిస్తూ, "అయిపోయినట్టే, సర్దెయ్యి మొహిరా" అన్నాడు. జనమంతా వాళ్ల వెనక వెళ్లారు.

నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. పింగాణీ గిన్నెలో ఇంకా మందు మిగిలి ఉంది. పిల్ల కాసేపు దాన్నే చూసింది. వాడకం అయిపోయిందని గ్లౌజులు అప్పటికే తీసేసింది. సీసా మూత తీసి గిన్నెలోది సీసాలో వంచింది. గిన్నెకు అంటుకున్నది పోకుండా సీసాలోది మళ్లీ గిన్నెలో పోసి, తిప్పి, తిరిగి సీసాలో పోసింది. అలా మూడుసార్లు. ఒక్క బొట్టు నేల మీద పడలేదు. మంచి పెంపకం అనుకున్నాను.

దొమ్లా తిరిగొచ్చేసరికి గుమ్మంలో వదిన నిలబడి ఉంది, చేతిలో తడిసిన సీసా.

"నాదొక్కటే మిగిలిందా? పొద్దుటి నుంచీ బకెట్లవాళ్లే, తీరిక దొరకలేదు. ఎర్గాష్, నన్ను వదిలేసి వచ్చావేం?"

"మీరు తర్వాత తెస్తానన్నారు కదా వదినా."

"పరవాలేదు వదినా, ఒక్క నిమిషం" అన్నాడు దొమ్లా. నేనలా పిలవడం విని ఆయనా అలాగే పిలిచేవాడు. జనం పియాలాలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. మా బావి మంచిదని వాళ్లకు ముందే తెలుసు, అయినా వినాలని ఆశ. దొమ్లా గోధుమరంగు సీసాలోంచి చుక్కలు వేశాడు.

గొట్టం తెల్లబడింది.

ఆయన మరో గొట్టంలో వేశాడు. అదీ తెల్లబడింది. వదిన ఆ గొట్టాన్ని చూసి, సీసాను చూసి, "పొద్దున్నే తాగాను నేను. తియ్యగా ఉన్నాయి" అంది.

"నాలుకకు తెలియదమ్మా" అన్నాడు హొషిం బొబో. ఆ మాట ఆయన దొమ్లా దగ్గర కొత్తగా నేర్చుకున్నాడు.

మర్నాడు ఆయనే నన్ను పిలిచి, పిల్లలున్న వీధి కదా, బావి మూసెయ్యమన్నాడు. పలకలు తెచ్చి, అంచుల మీద పరిచి, మేకులు కొట్టాను. వదిన గుమ్మంలో కూర్చుని చూసింది. మధ్యలో ఒక మేకు వంగింది.

"వంకర మేకు కొట్టకు ఎర్గాష్. మీ అన్న చూస్తే ఒప్పుకోడు" అంది.

దాన్ని పీకి మరోటి కొట్టాను.

ఆ రోజు నుంచి మా ఆవరణలో గిలక చప్పుడు లేదు, అన్న పేరెత్తే ఆ మాటా లేదు. ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని మా గేటు ముందు నుంచి మా వీధిలోనే ఉన్న ఒయ్‌బెక్ ఇంటి బావికి పోయేవారు. మా గేటు దగ్గరికి రాగానే అడుగు పెంచేవారు, మొహమాటానికి. వదిన కూడా ఒక బకెట్ పట్టుకుని వాళ్ల వెనక పోయి, తన వంతు కోసం నిలబడి, నింపుకుని, ఒయ్‌బెక్ తండ్రి ఆత్మకు శాంతి కోరి వచ్చేది.

మొహిరా వేళ్లు నల్లబడ్డాయి. రెండు వేళ్లూ, బొటనవేలి పక్కనా, మాడిన పెనంలా. హాలిదా సబ్బుతో రుద్దింది, బూడిదతో రుద్దింది. పోలేదు. పిల్ల చొక్కా చేతులు వేళ్ల దాకా లాక్కుని తిరిగేది. అడగొచ్చు. నాకు అడిగే అలవాటు లేదు. పొలంలో నీళ్లు ఇంకాయా లేదా అని చూసినట్టే మనుషుల్నీ చూస్తాను, వాళ్లంతట వాళ్లు తేలేదాకా ఆగుతాను.

ఒకనాడు బడి వేళ కాకముందే పిల్ల పొలం గట్టు మీద కనిపించింది. పుస్తకాల సంచి భుజాన వేలాడుతోంది. నేను మడి గండి పూడుస్తున్నాను.

"నాన్నా, దొమ్లా ఇవాళ తరగతికి ఆ మందు చూపించారు" అంది.

"ఊఁ."

"ముందు ఏమీ లేని నీళ్లలో వేశారు."

పార ఆపాను.

"పాలయ్యాయి" అంది.

మళ్లీ తనే అంది. "దొమ్లా దాన్ని చాలాసేపు పట్టుకుని చూశారు. తర్వాత నా వేళ్లు చూశారు, ఆ మందు తగిలితే చర్మం ఇలాగే నల్లబడుతుంది. అందరినీ ఇళ్లకు పొమ్మన్నారు."

"ఎందుకయ్యాయి పాలు?"

"మురుగు కాలువ నీళ్లు తగిలిన మందు నేను మళ్లీ సీసాలో పోశాను. సీసాలో ఉన్నదంతా చెడింది. ముదురు రంగు సీసా కదా, ఎవరికీ కనబడలేదు." చేతుల్ని చొక్కాలోకి లాక్కుంది. "పోయకూడదని మీకు చెప్పింది కూడా నేనే."

నాకు ఆ పొయ్యీ, మణికట్టు తిప్పడమూ కళ్ల ముందుకొచ్చాయి. ఆ రోజు మంచి పెంపకం అనుకున్నది నేనే. గండి అలాగే ఉంది, నీళ్లు పక్క మడిలోకి పోతున్నాయి. పార అందుకుని పూడ్చాను.

సాయంత్రం దొమ్లా మా ఇంటికొచ్చాడు. వదిన గుమ్మంలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"వదినా, ఆ రోజు పరీక్ష తప్పు. తప్పు నాది. మధ్యలో లేచి వెళ్లినవాణ్ని తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. చూసుకోలేదు."

వదిన కళ్లు మెరిశాయి. "అయితే బావి మంచిదే!"

"అది నాకు తెలియదు. పరీక్ష తప్పన్నది మాత్రమే తెలుసు. రెండూ ఒకటి కాదు. కొత్త మందు తెచ్చి చూసేదాకా బావి తెరవొద్దు."

"మంచి మనిషివే నువ్వు! వచ్చి దీపం పెట్టావు, నువ్వే ఊదేశావు."

దొమ్లా తల వంచుకున్నాడు. మొహిరా ఆయన వెనకే గోడకు ఆనుకుని ఉంది. నోరు తెరవబోయింది. వదిన అటు చూసి, "పిల్లేంటి ఇలా చిక్కిపోయింది? హాలిదా, దీనికి తిండి పెడుతున్నావా?" అంది. పిల్ల నోరు మూసుకుపోయింది. చిరుకోపంతో అన్న ఆ మాటలో అంత ప్రేమ ఉంటే ఏం చెబుతుంది?

కొత్త మందు రావడానికి ఆలస్యమైంది. ఈలోగా నవ్‌రూజ్ వచ్చింది. మొలకెత్తిన గోధుమతో సుమలక్ వండే పెద్ద కాగు ప్రతి ఏడూ మా ఆవరణలోనే, మా నీళ్లతోనే ఉడికేది. ఆ ఏడు ఒయ్‌బెక్ ఇంట్లో పొయ్యి తవ్వారు. వదిన కొత్త తలగుడ్డ కట్టుకుని వెళ్లి, అందరితోపాటు గరిటె తిప్పి, పాటలు పాడి వచ్చింది. అందులో మా వంతు ఒక గిన్నెతో పంపారు. మొహిరా ముట్టలేదు. హాలిదా తిట్టింది, బతిమాలింది. "కడుపు బాగాలేదు" అంది పిల్ల. వీధిలో అది భయపడాల్సిన మాటే, హాలిదా ఆ రోజంతా నుదుటి మీద చేయి వేసి చూస్తూనే ఉంది. పిల్ల ఆ చేతిని భరించలేక పశువుల కొట్టంలోకి పోయి కూర్చుంది.

పొలాల్లో నీళ్లు ఇంకిపోయి నేల తెల్లగా పగిలే వేళకు దొమ్లా కొత్త సీసాతో వచ్చాడు. ఈసారి పరీక్ష మా ఆవరణలోనే. నేను ఒక పలక లేపి నీళ్లు తోడాను. హొషిం బొబో వచ్చాడు, వీధి ఆడవాళ్లంతా వచ్చారు. దొమ్లా గ్లౌజులు మొహిరా చేతికిచ్చాడు.

"నువ్వే చెయ్యి" అన్నాడు.

పిల్ల ఆయన ముఖంలోకి చూసింది. అద్దాలు పెట్టుకుంది, గ్లౌజులు తొడుక్కుంది. ముందు ఏమీ లేని నీళ్లు. ఏమీ రాలేదు. బావి నీళ్లు వేరే గొట్టంలో, వేరే డ్రాపర్‌తో. పొగమంచంత మసక కూడా లేదు, ఉందనుకుంటే ఉంది. ఆ తర్వాత మళ్లీ ఏమీ లేని నీళ్లు. ఏమీ రాలేదు. గిన్నెలో మిగిలిన మందును జాడీలో పారబోసింది.

"తెరవండి" అన్నాడు హొషిం బొబో. ఆడవాళ్ల గుంపులో కలకలం. "మరి ఆనాడు ఎందుకలా అయింది?"

"నా అజాగ్రత్త బొబో" అన్నాడు దొమ్లా.

"కాదు" అంది మొహిరా. "మిగిలిన మందు నేను తిరిగి సీసాలో పోశాను. అందులో కాలువ నీళ్లున్నాయి. బావి బాగానే ఉంది. నా వల్లే మూశారు."

అంతా ఆమెవైపు తిరిగారు. హొషిం బొబో గడ్డం నిమిరాడు.

"ఓస్, అంతేనా! వెండి మందు పారబోయలేక పోశావు. ఇంటికి దీపంలాంటి పిల్ల. ఈ కాలం పిల్లలకు రొట్టె ముక్క విలువ తెలియదు, నీకు చుక్క విలువ తెలుసు. హాలిదా, బాగా పెంచావమ్మా."

"నిజమే, మా కోడలైతే కాలువలో పారబోసేది" అంది ఒకావిడ.

"నన్ననకండి అత్తా, మీ గిన్నెలు కడిగేది నేనే" అంది కోడలు. నవ్వులు.

ఆ నవ్వుల మధ్య మొహిరా నిలబడే ఏడ్చింది. ఆనందానికి ఏడుస్తోందనుకుని ఎవరో వీపు తట్టారు. నేను ముందుకు వెళ్లబోయాను. వదిన నాకంటే ముందు వెళ్లి పిల్ల వీపు మీది నుంచి ఆ చేతిని తీసేసింది.

"మెచ్చుకోకండి. అది తప్పే" అంది.

నవ్వులు ఆగాయి.

"పోయకూడదని దానికి తెలుసు. నాకు చెప్పింది, నేను వెక్కిరించాను. అయినా పోసింది." పిల్లవైపు తిరిగింది. "మొహిరా, ఇన్నాళ్లూ మీ పెదనాన్న పేరు ఈ ఆవరణలో ఒక్కరూ పలకలేదు. నాకు ఎంత కష్టమైందో నీకు చెప్పనా?"

"చెప్పండి పెద్దమ్మా" అంది పిల్ల. వెక్కిళ్లు ఆగిపోయాయి. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు తలెత్తింది.

వదిన చెప్పలేదు. పిల్ల చేతులకున్న గ్లౌజులు లాగి, వేళ్లు తిప్పి చూసింది. గోళ్ల దగ్గర ఇంకా కాస్త నలుపుంది.

"రేపటి నుంచి ఈ బావి దగ్గర నువ్వుంటావు. బడికి వెళ్లేదాకా తోడేది నువ్వే. వచ్చిన ప్రతివాళ్లకూ ఏం జరిగిందో నీ నోటితో చెప్పు. తెలుసులే అన్నా చెప్పు. నీళ్ల మీద అనుమానం ఒక్కరికీ మిగలకూడదు."

"ఎన్నాళ్లు?" అంది హాలిదా.

"చాలని దానికి తెలుస్తుంది" అంది వదిన.

ఆ సాయంత్రం పలకలన్నీ పీకేశాను. మర్నాడు పొద్దున్నే గిలక చప్పుడుకు నిద్రలేచాను. బయట అప్పటికే నలుగురైదుగురున్నారు. మొహిరా జడ బిగించుకుని తాడు లాగుతోంది. ముందున్నది హొషిం బొబో కోడలు.

"తప్పు పరీక్ష వల్ల ఈ బావి మూశారు. తప్పు నేను చేశాను. తీసిన మందును సీసాలో తిరిగి పోశాను. నీళ్లు మంచివి" అంది మొహిరా, పాఠం అప్పజెప్పినట్టు.

"నిన్న విన్నానులేమ్మా, నువ్వు మళ్లీ..."

"వినాలి అక్కా."

ఆవిడ బకెట్ కింద పెట్టి విన్నది. నింపుకున్నాక ముఖం తడుముకుని, తుర్గున్ ఆకా సమాధి వెలుగుతో నిండాలి అంది. లోపల వదిన పిండి పిసికే చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. తర్వాతి మనిషికి పిల్ల మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆ తర్వాతి మనిషికీ చెప్పింది. గొంతు వణకడం కొద్దికొద్దిగా తగ్గుతోంది.

పత్తి విత్తనాల రోజులు. నేను పొలానికి పోవాలి. పార గోడకు చేరేసి, పశువుల కొట్టంలోంచి బకెట్ తీసుకుని వరుస చివర నిలబడ్డాను. నా ముందున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నా వంతు వచ్చేసరికి పిల్ల నన్ను చూసి ఆగింది. నేను పక్కకు తప్పుకోలేదు. అందరికీ చెప్పిన మాటలే, ఒక్క ముక్క వదలకుండా, నాకూ చెప్పింది.

"నువ్వు పోయడం నేను చూశాను. చూసి మెచ్చుకున్నాను. మేకులు కొట్టిందీ నేనే" అన్నాను.

మొహిరా తాడు పట్టుకుని నన్ను కాసేపు చూసింది. తర్వాత నా బకెట్ అందుకుని, అంచు దాకా నింపి ఇచ్చింది.